నాలుగు పెట్టెల తోట

నాకు అనుమానం ఎక్కువ. ఇంకెవరో అనేలోపు నేనే చెప్పుకుంటే ఒక గొడవ తీరిపోతుంది. కాపురానికి వచ్చిన ఏడాదిలోనే మా అత్తగారు నాకు ‘పోలీసు కోడలు’ అని పేరు పెట్టింది. పాలవాడు చెంబు వంచితే నేను పాలకంటే ముందు వాడి మొహం చూస్తాను. బట్టల కొట్లో గజంబద్ద నా చేతికిస్తేగానీ రవికగుడ్డ చింపనివ్వను. నూజివీడు బస్సులో పక్కన కూర్చున్నావిడ “మీది ఏ ఊరండీ?” అని అడిగితే, ఎందుకడుగుతోందో తేలేదాకా ఊరి పేరు చెప్పను. మా ఆయన దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరేం చెప్పినా “అలాగా” అంటారు. ఇంటాయన అలాంటివారైనప్పుడు ఇల్లాలు నాలా లేకపోతే ఇంటికి తలుపులెందుకని నా వాదన.

ఈ గుణం వల్ల నాకు చాలాసార్లు మంచే జరిగింది. చెడు ఒక్కసారే జరిగింది. అది మా మరిది ప్రభాకరం సంగతి. జరిగి ఏడేళ్ళయింది కాబట్టి ఇప్పుడు చెప్పుకోవచ్చు.

నేను కాపురానికి వచ్చేనాటికి ప్రభాకరానికి పదకొండేళ్ళు. రెండేళ్ళు తిరక్కుండానే మా అత్తగారు పోయింది. అప్పట్నుంచి తలంటు పోయడం దగ్గర్నుంచి పరీక్ష ఫీజు దాకా వాడి బాగోగులన్నీ నావే. ఇంటరు చదివి బెజవాడ తంతి ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. నాలుగేళ్ళు బుద్ధిగా చేశాడు. 1959లో ఒకరోజు రెండు ట్రంకు పెట్టెలతో దిగి, ఉద్యోగం మానేశానన్నాడు. ఒక పెట్టెలో బట్టలున్నాయి. రెండో దాంట్లో తీగలు, అద్దాలు, పాత సినిమా మిషన్లోంచి ఊడదీసిన సామాను ఉన్నాయి. “అలాగా” అన్నారు మా ఆయన. నేను మాత్రం, ప్రభుత్వోద్యోగం ఎవడైనా ఊరికే మానేస్తాడా, వెనక ఏదో ఉంది అనుకున్నాను.

మా తోట విస్సన్నపేట రోడ్డు మీద పన్నెండెకరాలు. సగం చిన్నరసాలు, సగం బంగినపల్లి. అన్నదమ్ములిద్దరికీ పంపకాలు కాలేదు, ఉమ్మడిగానే ఉంది. మా ఇల్లు తోట అంచునే. మా దగ్గర తోటను కాయ చూసి అమ్మరు, పూత చూసి అమ్ముతారు. పుష్యమాసంలో షావుకారు వచ్చి చెట్ల కింద తిరిగి, పూత మీద ఇంతని ఒక మాట అనేసి వెళతాడు. ఆ తర్వాత పూత నిలిచినా రాలినా ఆ మాటే. అందుకని పూతకాలంలో బూడిద తెగులు వచ్చిందంటే మా వైపు రైతులకు నిద్రుండదు. తెల్లగా పిండి చల్లినట్టు పూత మీద కనబడుతుంది, వారం తిరక్కుండా నల్లబడి రాలిపోతుంది. గంధకం పొడి చల్లితే ఆగుతుందిగానీ, కంటికి కనబడ్డాక చల్లితే సగం పోయినట్టే.

ప్రభాకరం తోట పక్కనున్న ఎరువుల గది ఖాళీ చేయించుకుని తాళం వేసుకున్నాడు. మా ఇంట్లో బీరువాకు తప్ప దేనికీ తాళం వేసిన పాపాన పోలేదు. పగలంతా లోపల ఏదో రాపిడి చప్పుడు. అడిగితే “రేడియో బాగుచేస్తున్నా వదినా” అనేవాడు. ఊళ్ళో ఉన్న రేడియోలే రెండు. రెండూ పాడుతూనే ఉన్నాయి.

తరవాత ఆముదం తగ్గడం మొదలైంది. నేను సీసా మీద బొగ్గుతో గీత పెట్టి ఉంచుతాను. నెలరోజుల్లో గీతకు నాలుగు వేళ్ళు దిగింది. ఇంట్లో తలంట్లు లేవు, దీపాలకు వాడలేదు. ఒకనాడు ప్రభాకరం చొక్కా ఉతకడానికి వేస్తే చేతులకు ఆముదం వాసన. మగవాడికి ఆముదంతో పనేమిటో ఎంత ఆలోచించినా నాకు అందలేదు.

అది చాలదన్నట్టు తోటలో రెండు మూలల, మనిషెత్తు కర్రల మీద రెండు రేకు పెట్టెలు లేచాయి. పైన తాటాకు కప్పు, పక్కన ఒక వంకర గొట్టం. ఏమిటివంటే తేనెటీగల పెట్టెలన్నాడు. నేను పదిరోజులు కనిపెట్టి చూశాను. ఒక్క ఈగ రాలేదు. పైగా ఆ పెట్టెల దగ్గర్నుంచి సన్నని తీగ ఒకటి చెట్ల కొమ్మల మీదుగా వాడి గదిలోకి వెళ్ళింది. తేనెటీగలకు తీగెందుకు?

మా తోట కాపలా యలమంద నాకు చెప్పకుండా ఏదీ దాచడు. పిలిచి అడిగాను.

“చిన్నయ్యగారు నీచేత ఏం చేయిస్తున్నాడ్రా?”

“కొలిపిస్తున్నారమ్మా.”

“ఏం కొలిపిస్తున్నాడు?”

“తోటండి. తాడు పట్టుకుని నాలుగు మూలల్నించీ ఇంటిదాకా కొలిచాం. ఎర్రగుడ్డ కట్టి గుంజలు కూడా పాతించారు.”

“ఎందుకంట?”

యలమంద తల గోక్కున్నాడు. “ఎవరికీ చెప్పొద్దన్నారమ్మా.”

ఉమ్మడి ఆస్తిని తమ్ముడు రహస్యంగా కొలిపిస్తున్నాడంటే దానికి రెండర్థాలు ఉండవు.

ఆ వారమే కలకత్తా నుంచి గట్టి కవరు ఒకటి వచ్చింది, పైన ప్రభుత్వం ముద్రతో. దాని మర్నాడు ప్రభాకరం మా ఆయన దగ్గరికి ఇంగ్లీషు కాగితం తెచ్చి “అన్నయ్యా, ఇక్కడ సాక్షి సంతకం పెట్టు” అన్నాడు. ఆయన “అలాగా” అని పెట్టేశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి కాగితం మడత పెట్టేశాడు.

“ఏం కాగితమండీ అది?” అన్నాను.

“ఏదో అర్జీ అంటున్నాడు.”

“ఏం అర్జీ?”

“నేను చదవలేదే.”

ఆయన్ని అనేం లాభం? అనవలసినవాడు వేరే ఉన్నాడు.

శుక్రవారం ఉదయం ప్రభాకరం నూతి దగ్గర స్నానానికి వెళ్ళాడు. చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. జేబులో తాళంచెవి ఉంది. నేను చేసింది తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట, గది తీశాను. బల్ల మీద దళసరి కాగితం మీద నల్లసిరాతో వేసిన పటం ఉంది. నాకు ఇంగ్లీషు రాదుగానీ నా తోట నాకు తెలియదా? నుయ్యి, దారి, ఇల్లు, చెట్ల వరసలు, అన్నీ ఉన్నాయి. నాలుగు మూలల్లో నాలుగు చదరాలు, వాటికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు. ఒక్కోదాని నుంచీ ఇంటిదాకా ఒక గీత. ఆ గీతలు తోటను నాలుగు ముక్కలు చేస్తున్నాయి. పటం కింద అచ్చం అలాంటి పటమే ఇంకొకటి ఉంది. ఒకటి తనకి, ఒకటి రిజిస్ట్రారుకి అనుకున్నాను.

వాడు తల తుడుచుకుంటూ వచ్చేసరికి గది వాకిట్లో నిలబడి ఉన్నాను.

“ఏం దాస్తున్నావురా మా దగ్గర?”

మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నవ్వాడు. “నాలుగు రోజులు ఆగు వదినా. సోమవారం బెజవాడ వెళ్ళొస్తాను. మంగళవారం నిన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టి అన్నీ చెప్తాను.”

“ఇప్పుడే చెప్పొచ్చుగా?”

“పదిమందికీ తెలిస్తే పోతుంది.”

“నేనేమన్నా పదిమందినా?”

“నీకు చెప్తే పదిమందికీ చెప్పినట్టేగా. నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?” అని ఎకసెక్కమాడాడు.

రోజూ ఆడే ఎకసెక్కమే. ఆరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం బెజవాడలో రిజిస్ట్రీ, మంగళవారం నన్ను కూర్చోబెట్టి ఇదిగో మీ వాటా అని చూపిస్తాడు. ఇంత పెంచితే నా కళ్ళు గప్పి పంపకాలా? అడిగితే ఇవ్వమా? చెంగు దోపుకుని తిన్నగా లక్ష్మీనరసింహారావు గారింటికి వెళ్ళాను. ఊళ్ళో ఏ తగాదా వచ్చినా తీర్చే పెద్దమనిషి ఆయన. అంతా విని, “ఆదివారం తోటలోనే కూర్చుందాం తల్లీ” అన్నారు.

మా వైపు పెద్దమనుషుల్లో పెట్టడమంటే ఒక పద్ధతుంది. ఏ కాగితం మీద అనుమానమో ఆ కాగితం పదిమంది ముందు చదవాలి. ఏ వస్తువు మీద అనుమానమో దాన్ని అందరికీ చూపించాలి. అయ్యాక జరిగింది జరిగినట్టు మహజరు రాసి, అందరిచేతా సంతకాలు చేయించి, అనుమానం పెట్టినవాళ్ళ చేతికిస్తారు. ఆ పైన ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఆదివారం పొద్దున్న పదకొండుమంది పెద్దలు వచ్చారు. వాళ్ళ వెనకాల ఊరు సగం వచ్చింది. పూత చూడడానికి నూజివీడు నుంచి వచ్చిన షావుకారు సుబ్రహ్మణ్యం గారు కూడా ఆగి ఒక కుర్చీ వేయించుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు ఇంకో అనుమానం. వీడి వాటా కొనేది ఈయనేనేమో!

లక్ష్మీనరసింహారావు గారు మెల్లిగా మొదలుపెట్టారు. “ప్రభాకరం, తోట కొలిపించావంట. పటం గీయించావంట. ఏంటి నాయనా సంగతి?”

“పంపకం కాదండీ. ఒట్టు. ఒక యంత్రం కనిపెట్టాను. దానికి పేటెంటు కోసం కలకత్తాకు అర్జీ పంపాలి. అర్జీ పోయేదాకా అది బయటికి తెలియకూడదు. తెలిస్తే ఇవ్వరు. రేపు బెజవాడలో టైపు చేయించి పోస్టు చేస్తాను. ఎల్లుండి మీరంతా రండి, దగ్గరుండి చూపిస్తాను.”

పేటెంటు అనే మాట అక్కడ ఎవరికీ తెలియదు. అర్జీ అన్న మాట మాత్రం అందరికీ తెలుసు. వెనకాల ఎవరో “అర్జీయంట, గవర్నమెంటుకంట” అన్నారు.

“భూమి తగాదాలో గడువడిగితే ఏమనుకుంటారో నీకు తెలీదా?” అన్నారు లక్ష్మీనరసింహారావు గారు.

ప్రభాకరం వాళ్ళన్నయ్య వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు. ఒక్కరోజు ఆగుదామని నేను ఒక్కమాట అంటే అయిపోయేది. నేను అనలేదు. “ఇప్పుడే తేలాలండీ. పోతుంది పోతుందంటాడు, ఏం పోతుందో నాకు తెలియాలి” అన్నాను.

“చూపిస్తే ఆ పేటెంటు నాకు రాదు వదినా. రెండేళ్ళ కష్టం.”

“చూపించకపోతే మాకు రెండెకరాలు పోతాయో నాలుగెకరాలు పోతాయో! చూపించు.”

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి యలమందకిచ్చి, బల్ల మీది కాగితాలన్నీ తెమ్మన్నాడు. ఆ ఇంగ్లీషు అర్జీని మొదటినుంచి చివరిదాకా తెలుగులో తనే చదివి చెప్పాడు.

అప్పుడు తెలిసింది. బూడిద తెగులు పూత మీద కనబడక ముందే దాని బూజు పొడి గాలిలో తిరుగుతుందట. ఆ పెట్టెలో చిన్న పంకా గాలిని లోపలికి లాగుతుంది. వంకర గొట్టం లోపల ఆముదం పూసి ఉంటుంది. బరువైన రోడ్డు దుమ్ము ఆ వంపులో గోడకు తగిలి ఆముదానికి అంటుకుపోతుంది. తేలికైన బూజు పొడి మాత్రం వంపు తిరిగి ముందుకు పోతుంది. అక్కడ ఒక దీపం, దానికి పక్కగా వెలుతురు పడితే కరెంటు పుట్టే బిళ్ళ ఒకటి ఉన్నాయి. పొడి ఎంత ఎక్కువుంటే దాని మీద పడి బిళ్ళ వైపు చెదిరే వెలుతురు అంత ఎక్కువ. అది ఒక హద్దు దాటితే తీగ మీద కబురు వచ్చి గదిలో గంట మోగుతుంది. ఒకటో మూల పెట్టెయితే ఒక గంట, రెండో మూలదైతే రెండు. ఏ వైపు నుంచి తెగులు వస్తోందో గంటలు లెక్కపెట్టి ఆ వైపు ముందే గంధకం చల్లుకోవచ్చు. పటంలో నాలుగు చదరాలు నాలుగు పెట్టెలు, రెండు ఇంకా నిలబెట్టవలసినవి. నాలుగు గీతలు నాలుగు తీగలు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. మాటలు ఎవరైనా చెప్తారు. “మోగించి చూపించు” అన్నాను.

ఇద్దరు పెద్దలు యలమంద వెంట రెండో మూలకు వెళ్ళారు. మిగిలినవాళ్ళం గది ముందు నిలబడ్డాం. గంటకు కట్టిన తీగ ఎవరైనా లాగుతున్నారేమోనని నేను గోడ వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. అక్కడ ముందు రోడ్డు దుమ్ము దోసెడు తీసి గొట్టం ముందు ఎగరేశారట. గంట మోగలేదు. తర్వాత పక్క తోటలోంచి బూడిద పట్టిన పూతగుత్తి తెంపి అక్కడే దులిపారు. రెండు గంటలు మోగాయి. కాస్త ఆగి మళ్ళీ రెండు. జనమంతా ఒక్కసారి హో అన్నారు. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సుబ్రహ్మణ్యం గారు లేచి గొట్టం దగ్గరికి పోయి వేలు పెట్టి చూసి, “ఆముదమేనా అబ్బాయ్! ఎంత తేలిగ్గా తేల్చావయ్యా!” అన్నారు.

మహజరు రాసేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. “ఒక్క ముక్క వదలొద్దండీ. పంకా, ఆముదం, బిళ్ళ, గంటలు, అన్నీ రాయండి. రేపు మాట మారిస్తే పట్టుకోవడానికి ఉండాలి” అన్నాను. పదకొండుమంది సంతకాలు పెట్టారు. కాగితం నా పెట్టెలో భద్రం చేసుకున్నాను.

ఆ పూట పాయసం చేసి ముందు వాడికే వడ్డించాను. “ఒక్కరోజు ముందు తెలిసింది. అంతేగా? ఇక్కడి మాట కలకత్తాలో ఎవడికి తెలుస్తుందిరా?” అన్నాను. “ఎవరికీ తెలీకపోతే సరే” అన్నాడు. సోమవారం బెజవాడ వెళ్ళి అర్జీ పోస్టు చేసి వచ్చాడు.

ఆ ఏడాది మా తోటలో గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లూ మోగిన వైపు గంధకం చల్లించాం. చుట్టుపక్కల తోటల్లో పూత నల్లబడి రాలుతుంటే మాది నిలబడింది. చూడడానికి అటు హనుమాన్ జంక్షన్ దాకా ఉన్న ఊళ్ళ నుంచి రైతులు వచ్చేవాళ్ళు. కలకత్తా వాళ్ళు అర్జీలో అది సరిదిద్దు, ఇది సరిదిద్దు అని రెండు ఉత్తరాలు రాశారు. సరిదిద్ది పంపాడు. ఏడాది దాటాక గెజెట్లో ప్రకటన పడింది. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే, పదహారేళ్ళ పాటు ఇంకెవరూ అలాంటి పెట్టె చేసి అమ్మకుండా హక్కు వాడిది. పేటెంటు వస్తే పెట్టెలు తామే తయారుచేస్తామని బెజవాడలో ఒక వర్క్‌షాపు వాళ్ళు మాటిచ్చారు. ఉద్యోగం వదిలేసి వాడు నిలబెట్టుకున్న ఆశ అదొక్కటే. ఆ ఏడు ప్రభాకరం ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

నాలుగో నెలలో అభ్యంతరం వచ్చింది. మందు చల్లే యంత్రాలమ్మే మద్రాసు కంపెనీ ఒకటి పెట్టింది. ‘ఈ యంత్రం అర్జీకి ఒకరోజు ముందే కృష్ణాజిల్లాలో జనం మధ్య చదివి, నడిపి చూపించారు. అందరికీ తెలిసిపోయినదానికి పేటెంటు ఇవ్వరాదు’ అని.

ఎవరు చెప్పారు? నేను మహజరు తీసి పదకొండు సంతకాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చున్నాను. ఒకరి కొడుకు మద్రాసులో చదువుతున్నాడు. ఇంకొకరికి మామీద పాత కోపం. ఒక్కొక్కరి మీదా రెండేసి రోజులు అనుమానపడ్డాను. చివరికి గొట్టంలో వేలు పెట్టి చూసినాయన గుర్తొచ్చి, నూజివీడు వెళ్ళి సుబ్రహ్మణ్యం గారి కొట్టు మెట్లెక్కి, “మీరేనా?” అని అడిగేశాను.

ఆయన దాచలేదు. “నేనేనమ్మా. ఆ కంపెనీ మనిషి మందుల అమ్మకానికి వస్తే, మా వైపు కుర్రాడు ఇలాంటిది చేశాడయ్యా అని గొప్పగా చెప్పాను. వివరం రాసిమ్మంటే ఉత్తరం రాసిచ్చాను. ఇలా వాడుకుంటాడని అనుకోలేదు. అయినా నేను దొంగతనంగా చూశానా? మీరే పిలిచి పదిమందిలో చూపించారు.”

తిట్టడానికని వెళ్ళినదాన్ని తిట్టకుండానే కొట్టు మెట్లు దిగాను. వాడు అడిగింది ఒక్కరోజు. ఆ ఒక్కరోజు నేను ఇవ్వలేదు.

బెజవాడలో జగన్మోహనరావు గారని పేరున్న ప్లీడరు. ఆయన దగ్గరికి ప్రభాకరాన్ని నేనే లాక్కెళ్ళాను. అంతా విని ఆయన నన్ను అడిగారు.

“ఆ మహజరు ఎవరి దగ్గరుంది?”

“నా పెట్టెలో ఉందండీ. ఇంకోటి లేదు.”

“అయితే అవతలివాళ్ళ చేతిలో ఉన్నది షావుకారు ఉత్తరం ఒక్కటే. పెద్దమనుషులేమంటారు?”

“నేనేమంటే అదే అంటారు. లక్ష్మీనరసింహారావు గారు మాటిచ్చారు.”

“సభ పెట్టించింది మీరు కాబట్టి మీ మాటకే బరువు. ప్రమాణం చేసి ఒక అఫిడవిట్టు ఇవ్వండి. ఆ రోజు యంత్రం చూపించలేదు, భూమి సంగతే మాట్లాడారు అని. ఇది అబద్ధమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇష్టం లేకపోతే ఇక్కడితో వదిలేద్దాం.”

“రాయండి” అన్నాను. వాడి కోసం అబద్ధమాడడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆయన గుమాస్తా చేత టైపు చేయించి, తెలుగులో చదివి చెప్పారు. ‘నా మరిది ఉమ్మడి భూమిని రహస్యంగా తన పేర పెట్టించుకుంటున్నాడని అనుమానించి పెద్దలను పిలిపించాను. ఆ రోజు ఏ యంత్రమూ చూపించలేదు, ఏ వివరమూ చదవలేదు. నా అనుమానానికి అతను సమాధానం చెప్పలేదు. ఆ అనుమానం నాకు నేటికీ తీరలేదు.’

“చివరి రెండు ముక్కలూ ఎందుకండీ?” అన్నాడు ప్రభాకరం.

“అవి లేకపోతే మొదటిది నిలబడదయ్యా. యంత్రం చూపించకపోతే ఆవిడ అనుమానం ఎలా తీరిందని అవతలివాళ్ళు అడుగుతారు. తీరలేదనే చెప్పాలి.”

నేను పెన్ను అందుకున్నాను. ప్రభాకరం కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.

“వద్దు వదినా.”

“చెయ్యి తియ్యరా. కాగితం మీద మాటేగా.”

“నన్ను దొంగని నువ్వు ప్రమాణం చేసి రాస్తే, దాని మీద వచ్చే పేటెంటు నేనేం చేసుకోను? ఆ రోజు నేను యంత్రం చూపించింది పెద్దమనుషుల కోసం కాదు. నీ కోసం. నీ అనుమానం తీరితే చాలనుకున్నాను. తీరిందా లేదా, అది చెప్పు.”

“తీరింది” అన్నాను.

“అయితే ఇంక రాయడానికేం లేదు” అని కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు.

ప్లీడరు గారు నచ్చజెప్పి చూశారు. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. వాడు వినలేదు. కలకత్తాకు జవాబే పంపలేదు. పేటెంటు ఇవ్వడం లేదని ఆ వేసవిలో ఉత్తరం వచ్చింది. మరుసటేడు ఆ కంపెనీ పచ్చరంగు వేసిన పెట్టెలు తెచ్చి మా తాలూకా అంతా అమ్మింది. ప్రభాకరం మళ్ళీ ఉద్యోగం వెతుక్కుని ఏలూరు వెళ్ళాడు.

వీటన్నిటికంటే నన్ను కోసేది వేరే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ప్లీడరు గారి గదిలో వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నప్పుడు, ‘తీరింది’ అన్న మాట నా నోట్లో ఇంకా ఆరకముందే, నా మనసు ఇంకో మాట అంది: వీడెందుకు వద్దంటున్నాడు? రేపు పంపకాల్లో ఈ కాగితం తనకు అడ్డొస్తుందనా?

చెంప మీద కొట్టుకోవాలనిపించింది. తల పైకెత్తేసరికి ప్రభాకరం నా మొహంలోకే చూస్తున్నాడు. పదకొండేళ్ళప్పటి నుంచి ఆ మొహం చూస్తూ పెరిగినవాడు. నా చేతిలో పెన్ను తీసుకుని, మూత పెట్టి, ప్లీడరు గారి బల్ల మీద పెట్టాడు.

“పద వదినా, నూజివీడు బస్సు పోతుంది” అన్నాడు.